పట్టీ రాసిన చేయి

మదనపల్లె పేరు వినగానే చదువరులకు మొదట స్ఫురించేది బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల. 1915లో అనీబిసెంట్ స్థాపించిన ఆ విద్యాలయానికి 1919లో విశ్వకవి రవీంద్రుడు విచ్చేశాడు. ‘జనగణమన’ను ఆయన ఆంగ్లంలోకి అనువదించినదీ, మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరలిపి కూర్చినదీ అక్కడే. రైతుకు మాత్రం మదనపల్లె అంటే టమాటా మండీ. ఈ రెండు మదనపల్లెల మధ్య మూడేళ్లపాటు నిత్యం తిరిగిన విద్యార్థి ఒకడున్నాడు.

అతనిది పుంగనూరు సమీపంలోని పల్లె. పొట్టి ఆవులకు పేరుపొందిన ఆ సీమలో తండ్రికి ఉన్నది రెండెకరాల బోరుబావి సేద్యం. వెనుకటి కాలంలో బీద విద్యార్థులు వారాలు చేసుకొని, రోజుకొక ఇంట భోజనం చేసి చదువుకునేవారు. ఇప్పుడు వారాలు పెట్టే ఇళ్లు లేవు. వాణిజ్యశాస్త్రంలో డిగ్రీ చదవడానికి వచ్చిన ఆ యువకుడు గది అద్దెకూ, భోజనానికీ ఒక మండీ గోదాములో పనికి కుదిరాడు.

తెల్లవారుజామున నాలుగు గంటలకు పని మొదలు. క్రేట్లలోని కాయలను నేలపై పరచిన పట్టామీద పోసి వేరుచేయాలి. దూరప్రాంతాలకు పోయే లారీకి దోరకాయ కావాలి. బాగా పండినది దారిలోనే చితికిపోతుంది. ఎర్రగా పండినది దగ్గరి ఊళ్లకు. పగిలినదీ, మచ్చపడినదీ పక్కకు. చూడడానికి సులభమే. కాని దీపపు వెలుగులో దోరకూ పచ్చికీ తేడా తెలియడానికి అతనికి నెలరోజులు పట్టింది. “కంటితో కాదు అబ్బోడా, వేలితో చూడు” అని నేర్పినవాడు బడిముఖం చూడని ఒక ముసలి హమాలీ. పాతిక కిలోల క్రేటును నడుముమీద భారం పడకుండా ఎత్తడం నేర్పినదీ ఆయనే.

తొమ్మిది గంటలకు స్నానం, ఆ వెంటనే తరగతి. ఎంత రుద్దినా చేతుల పులుపువాసన పోయేది కాదు. పక్కన కూర్చునే మిత్రుడు ముక్కు మూసుకొని నవ్వేవాడు. అందులో ద్వేషం లేదు. అయినా అతడు చేతులు బల్లకింద దాచుకొనేవాడు. మొదటిగంట పాఠంలో నిద్ర ముంచుకొచ్చేది. హాజరు తగ్గి, ఒక ఏడాది పరీక్షరుసుముతోపాటు అపరాధరుసుమూ కట్టవలసివచ్చింది. శ్రమచేసి చదివేవారిని పొగడే ఉపన్యాసాలలో ఈ లెక్క సాధారణంగా వినిపించదు.

అతని దస్తూరి చూసి గుమాస్తా సెలవురోజుల్లో పట్టీలు రాసే పని అప్పగించాడు. వేలంలో పలికిన ధర, దానినుంచి పోయే కమీషను, హమాలీ కూలి, టెంపో బాడుగ, చివరకు రైతుకు చెందే సొమ్ము: ఇదంతా పట్టీలో ఉంటుంది. కళాశాలలో నేర్చిన జమాఖర్చులు ఇక్కడ మనుషుల ముఖాలతో సహా ఎదురయ్యాయి.

2023 జూలైలో కిలో టమాటా నూరు రూపాయలు దాటి దేశమంతటా చర్చ అయింది. ఆ నెలలో తండ్రి పొలంలో తోట లేదు. ఆ ధర చూసి అప్పుతెచ్చి నాటిన తోట కాపుకు వచ్చేసరికి ధర నేలకు దిగింది. ఒక సెలవురోజున 40 క్రేట్లతో తండ్రి మండీకి వచ్చాడు. క్రేటు 50 రూపాయల వంతున వేలం ముగిసింది. పట్టీ రాయవలసినది కొడుకే. 2000లో అన్నీ పోగా మిగిలినది 400. కోతకు వచ్చిన కూలీలకు ఇవ్వవలసినది అంతకు రెట్టింపు. కమీషను గడి దగ్గర అతని కలం ఆగింది. గుమాస్తా చూసీ చూడనట్లు తల తిప్పుకున్నాడు. అయినా అతడు అందరికీ రాసినట్లే రాశాడు.

తండ్రి కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

“రాత బాగుంది నాయనా” అన్నాడు. నోట్లు మడిచి జేబులో పెట్టుకొని, అందులోనే ఒక నూరు తీసి కొడుకు చేతిలో పెట్టబోయాడు. కొడుకు పుచ్చుకోలేదు.

డిగ్రీ ముగించి అతడు కుప్పం చేరాడు. మూడు రాష్ట్రాలు కలిసేచోట, ద్రావిడ భాషా సంస్కృతుల అధ్యయనానికి 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయంలో పైచదువు. ఒకనాటి రాత్రి ఇంగ్లండునుంచి ఫోను వచ్చింది. ముక్కు మూసుకొని నవ్విన మిత్రుడే. అక్కడ విద్యార్థులకు చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేసే అనుమతి లేదు. ఆ 20 గంటలూ అతడు ఒక గోదాములో పెట్టెలు మోస్తున్నాడట.

“మా అమ్మకు మాత్రం చెప్పొద్దురా, ఆఫీసులో పని అనుకుంటోంది” అన్నాడు మిత్రుడు.

“పెట్టె ఎన్ని కిలోలురా?”

“ఇరవై ఉంటుంది. నడుము పోతోంది.”

“మన క్రేటుకంటే తేలికే. ముందు మోకాళ్లు వంచు” అంటూ ముసలి హమాలీ చెప్పిన పద్ధతిని అతడు ఒక్కొక్కటిగా వివరించసాగాడు.