మునిగిన ఊళ్ళ తీరం

టర్కీ దేశానికి నైరుతి మూల కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. అక్కడ పూర్వం లిసియా అనే రాజ్యం ఉండేది. లిసియా ప్రజలకు సొంత భాష, సొంత లిపి ఉండేవి. వాళ్ళ ఊళ్ళు చాలా వరకు సముద్రపు ఒడ్డునో, ఒడ్డు మీది కొండల పైనో ఉండేవి. ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్ళాలంటే కొండలెక్కి దిగడం కన్న పడవ మీద వెళ్ళడమే సుళువు. ఈనాటికీ ఆ తీరాన్ని చూడడానికి పడవ ప్రయాణమే మంచిది.

ఆ ప్రాంతపు కొయ్య పడవను "గులెట్" అంటారు. దానికి రెండు తెరచాప కొయ్యలు, గుండ్రని వెనుక భాగం ఉంటాయి. మేము ఎక్కిన గులెట్‌లో ఒక సరంగు, ఒక కళాసీ, ఒక వంటవాడు ఉన్నారు. యాత్రికులం పదిమందిమి. మాలో పన్నెండేళ్ళ కుర్రవాడు కూడా ఒకడున్నాడు. ఉదయం పూట గాలి ఉండదు గనుక పడవ ఇంజను మీద నడిచేది. మధ్యాహ్నం కాగానే వాయవ్యం నుంచి గాలి లేచేది. వేసవిలో వీచే ఆ గాలిని అక్కడివాళ్ళు "మెల్తెమ్" అంటారు. అప్పుడు సరంగు ఇంజను ఆపి, తెరచాపలు ఎత్తించేవాడు. ఇక నీళ్ళ చప్పుడు, తాళ్ళ కిరకిరలు తప్ప ఏమీ వినిపించేది కాదు.

ఇసుక మింగిన ఊరు

మొదట మేము చూసినది పటారా. ఇది ఒకప్పుడు లిసియాకు పెద్ద రేవు. కాని ఆ పక్కనే ఒక నది సముద్రంలో కలుస్తుంది. నది తెచ్చిన ఇసుక ఏడాదికేడాది మేట వేసి రేవును పూడ్చేసింది. ఓడలు నిలిచిన చోట ఇప్పుడు రెల్లు పెరిగిన బురదనేల ఉన్నది. రోమన్ చక్రవర్తి నీరో కాలంలో, క్రీ. శ. 64-65 ప్రాంతంలో, ఇక్కడ ఓడలకు దారి చూపడానికి దీపస్తంభం కట్టారు. దాని రాళ్ళు ఇసుకలోనే దొరికాయి.

పటారాలో మరొక కట్టడం ఉన్నది. అర్ధచంద్రాకారంలో రాతి బల్లలు వరసలు వరసలుగా ఉంటాయి. అది లిసియా ఊళ్ళ ప్రతినిధులు కూర్చున్న సభా భవనం. రెండు వేల ఏళ్ళ కిందట స్ట్రాబో అనే గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు ఈ సభను గురించి రాశాడు. అందులో 23 ఊళ్ళు చేరాయి. పెద్ద ఊరికి మూడు ఓట్లు, మధ్య రకం ఊరికి రెండు, చిన్న ఊరికి ఒకటి. అంటే ఎంత చిన్న ఊరికైనా ఒక మాట చెప్పే హక్కు ఉన్నది. అయితే పెద్ద ఊరి మాటకు బరువు ఎక్కువ. 18వ శతాబ్దంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజ్యాంగం గురించి చర్చలు జరిగినప్పుడు కూడా ఈ లిసియా సభను ఉదాహరణగా చెప్పుకున్నారు. ఆ భవనం ఇసుకలో కూరుకుపోయి ఉండగా, మన కాలంలో తవ్వి తీసి బాగుచేశారు.

ఊరిని మింగిన ఇసుకే మరొకరికి పుట్టిల్లయింది. వేసవి రాత్రుల్లో పెద్ద తాబేళ్ళు సముద్రంలోంచి ఈ ఒడ్డుకు వచ్చి, గొయ్యి తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి, పైన ఇసుక కప్పి వెళ్ళిపోతాయి. రెండు నెలలకు పిల్లలు బయటికి వస్తాయి. చిత్రమేమంటే, ఇసుక బాగా వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. పుట్టిన పిల్లలు వెలుతురు ఉన్న దిక్కుకు పరిగెత్తుతాయి. రాత్రివేళ సముద్రం మీదనే వెలుతురు ఎక్కువ కనక అవి క్షేమంగా నీళ్ళు చేరతాయి. ఒడ్డున దీపాలు వెలిగిస్తే దారి తప్పి చచ్చిపోతాయి. అందుచేత ఆ రోజుల్లో రాత్రిపూట ఎవరినీ అక్కడికి పోనివ్వరు. మన ఆంధ్ర తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళది వేరే జాతి గాని, వాటి కష్టసుఖాలూ ఇవే.

ఎలుక చెప్పిన సాక్ష్యం

పటారా తరవాత తూర్పుగా సాగి కాష్ అనే చిన్న రేవుపట్నం దాటాము. అక్కడికి కొంత దూరంలో ఉలుబురున్ అనే కొండకొమ్ము సముద్రంలోకి పొడుచుకు వచ్చి ఉన్నది. పైకి చూడడానికి అక్కడ ఏమీ లేదు. అయినా సరంగు ఇంజను తగ్గించి, "ఇక్కడ కింద ఒక ఓడ ఉండేది," అన్నాడు.

ఈ తీరపు ఈతగాళ్ళు సముద్రపు అడుగుకు పోయి స్పాంజి ఏరి అమ్ముకునేవారు. 1982 లో అటువంటి గజ ఈతగాడొకడు పైకి వచ్చి, అడుగున చెవులున్న లోహపు బిస్కత్తులు కనిపించాయని తన పడవ యజమానితో చెప్పాడు. ఆ మాట శాస్త్రజ్ఞుల దాకా పోయింది. అవి బిస్కత్తులు కావు, రాగి దిమ్మలు. మోసుకు పోవడానికి వీలుగా నాలుగు మూలలా పిడులున్న దిమ్మలు. సుమారు 3300 ఏళ్ళ కిందట మునిగిన ఓడ అది!

1984 నుంచి 1994 వరకు, పదకొండు వేసవులు, శాస్త్రజ్ఞులు ఆ ఓడను తవ్వారు. అది 44 మీటర్ల లోతు నుంచి ఇంకా కిందికి ఏటవాలుగా పడి ఉన్నది. అంత లోతున మనిషి ఒకసారికి ఇరవై నిమిషాలు మాత్రమే పని చెయ్యగలడు. అదీ రోజుకు రెండుసార్లే. అందుకని వాళ్ళు మొత్తం 22 వేల సార్లకు పైగా మునగవలసి వచ్చింది. ఓడలో పది టన్నుల రాగి, ఒక టన్ను తగరం దొరికాయి. పది పాళ్ళ రాగికి ఒక పాలు తగరం కలిపితే కంచు అవుతుంది. అంటే ఓడలో ఉన్నది పదకొండు టన్నుల కంచుకు సరిపడే సరుకు. ఇంకా నీలి గాజు దిమ్మలు, ఏనుగు దంతం, నీటిగుర్రపు పళ్ళు, నిప్పుకోడి గుడ్లు, ఈజిప్టు రాణి నెఫర్తీతి పేరు చెక్కిన బంగారపు ముద్ర కూడా దొరికాయి.

వీటన్నిటి మధ్యా ఒక ఎలుక దవడ ఎముక దొరికింది. గోరంత కూడా లేని ఆ ఎముకను ఎవరూ పారవెయ్యలేదు. దాన్ని పరీక్షించగా, అది సిరియా తీరపు ఎలుకల జాతిదని తేలింది. సరుకుతో పాటు ఎక్కిన ఆ దొంగ ప్రయాణికుడు, ఓడ ఏ వైపు నుంచి బయలుదేరిందో సాక్ష్యం చెప్పాడన్న మాట. ఈ కథ విని మాతో ఉన్న కుర్రవాడు చాలాసేపు నవ్వాడు.

సముద్రం మింగిన ఊరు

మర్నాడు కెకోవా దీవి చేరాము. ఇది సుమారు ఏడు కిలోమీటర్ల పొడుగున్న సన్నని దీవి. ఇప్పుడు ఊరేమీ లేదు. దీవి ఉత్తరపు ఒడ్డు వెంట పడవ మెల్లిగా పోతూ ఉంటే, కొండరాతిలో తొలిచిన మెట్లు కనిపించాయి. మెట్లు ఒకటొకటిగా దిగి నీళ్ళలోకి పోయాయి. నీళ్ళు అద్దంలాగా ఉండడం చేత కింద కూడా మెట్లు కనిపిస్తూనే ఉన్నాయి! వాటి పక్కన ఇళ్ళ గోడలు, గుమ్మాలు, దూలాలు దూర్చడానికి రాతిలో తొలిచిన కన్నాలు, కుండ పెంకులు ఉన్నాయి.

ఈ ఊరిని భూకంపాలు ముంచాయి. మనం నిలుచున్న భూమి ఒకే బిళ్ళ కాదు, కొన్ని పెద్ద పలకలు. ఆఫ్రికా ఖండాన్ని మోస్తున్న పలక మెల్లమెల్లగా ఉత్తరానికి జరుగుతూ ఈ ప్రాంతపు పలక కిందికి చొచ్చుకుపోతున్నది. అందువల్ల ఈ తీరంలో భూకంపాలు మామూలు. క్రీ. శ. 2వ శతాబ్దంలో వచ్చిన పెద్ద భూకంపం లిసియాలో ఎన్నో ఊళ్ళను పడగొట్టింది. కెకోవా దగ్గర నేలే కిందికి కుంగింది. ఊరి కింది సగం నీటిపాలయింది.

దీవికి ఎదురుగా, అసలు ఒడ్డు మీద, కాలెకోయ్ అనే పల్లె ఉన్నది. అక్కడికి జనం పడవ మీదనో కాలినడకనో వస్తారు. దీని పాత పేరు సిమేనా. కొండమీద పాత కోట, కోటలో రాతిని తొలిచి చేసిన బుల్లి నాటకశాల ఉన్నాయి. దానికి ఏడే వరసల మెట్లు. కోట కింద, ఒడ్డు దాకా, ఇళ్ళు. ఇళ్ళ మధ్య లిసియా వాళ్ళ సమాధులు. వీటి మూతలు పడవను బోర్లించినట్టు ఉంటాయి. ఒక సమాధి ఒడ్డుకు దగ్గరగా నీళ్ళ మధ్య ఒంటరిగా నిలబడి ఉన్నది. సమాధుల నీడన మేకలు పడుకుంటాయి. ఒక ముసలమ్మ సమాధికి ఆనుకుని కూర్చుని, సూదితో రుమాలు అంచున లేసు పూలు అల్లుతున్నది. ఆమె మాకు ఎండిన కాయలు ఇచ్చింది. చింతకాయంత పొడుగు, బెల్లంలాంటి తీపి. దాని పేరుకు టర్కీ భాషలో "మేకకొమ్ము" అని అర్థం. బంగారం, వజ్రాల లెక్కలో వినే "క్యారెట్" అనే మాట ఈ చెట్టు గింజ పేరు నుంచే పుట్టింది. పూర్వం గింజలతో తూచేవారు.

టర్కీ భాష మాకు రాదు. కాని చెవి పెట్టి వింటే చుట్టాలు దొరికారు. దుకాణాన్ని వాళ్ళు "దుక్కాన్" అంటారు. మైదానం "మెయ్‌దాన్", జవాబు "జెవాప్", కలం "కలెమ్", జేబు "జెప్". అరబ్బీ, పారసీ మాటలు కొన్ని అటు వాళ్ళకూ, ఇటు మనకూ చేరడమే దీనికి కారణం. ఆ రాత్రి వంటవాడు వంకాయలు నిలువునా చీల్చి, మాంసం కూరి వండి పెట్టాడు. ఆ కూర పేరుకు "పొట్ట చీల్చినది" అని అర్థమట. అది మన గుత్తివంకాయకు దూరపు బంధువని అందరం ఒప్పుకున్నాము.

కాలెకోయ్ ఒడ్డున తిరుగుతూ మా కుర్రవాడు ఎర్రని కుండ పెంకు ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు. పడవ ఎక్కుతుండగా సరంగు చూశాడు.

"అది ఎక్కడ తీశావు, బాబూ?" అని అడిగాడు.

"ఒడ్డున. ఇలాటివి వందలున్నాయి. ఒకటి తీసుకుంటే ఏం?" అన్నాడు కుర్రవాడు.

"వేసవిలో రోజూ ఎన్ని పడవలు వస్తాయో చూశావుగా! అందరూ నీలాగే ఒక్కటే తీసుకుంటారు," అన్నాడు సరంగు. "పైగా, నిన్నటి ఎలుక సంగతి గుర్తున్నదా? ఆ ఎముక ఎవరి జేబులోనో ఉంటే ఓడ సంగతి ఎవరు చెబుతారు?"

కుర్రవాడు కాసేపు ఆలోచించాడు. తరవాత ఎవరూ చెప్పకుండానే దిగి వెళ్ళి, పెంకును తీసిన చోటనే పెట్టి వచ్చాడు.

సరంగు చెప్పినది నిజం. పెంకు ఎక్కడ, దేని పక్కన, ఎంత లోతున ఉన్నదో తెలిస్తేనే అది కథ చెబుతుంది. చోటు తప్పితే అది ఉత్త పెంకు. అందుకే కెకోవాను 1990 లో రక్షిత ప్రాంతంగా చేశారు. మునిగిన ఊరి మీద ఈత కొట్టడానికీ, లంగరు వెయ్యడానికీ వీలు లేదు. పాత వస్తువులు తీసుకుపోతే టర్కీ చట్టం శిక్షిస్తుంది. దీని వల్ల పల్లెవాళ్ళకు ఇబ్బంది లేకపోలేదు. తమ సొంత ఊళ్ళో కొత్త ఇల్లు కట్టడానికి వాళ్ళకు అనుమతి దొరకడం కష్టం. కాని పాత రాళ్ళను చూడడానికి వచ్చే జనం వల్లనే వాళ్ళకు బతుకు గడుస్తున్నది.

మట్టి మింగిన ఊరు

చివరికి ఆంద్రియాకే రేవు, దానికి కొంచెం లోపలగా మైరా నగరం చూశాము. రేవులో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కట్టించిన ధాన్యపు గిడ్డంగి ఉన్నది. ఎనిమిది గదుల ఆ గిడ్డంగి ఇప్పుడు ప్రదర్శనశాల. దాని సమీపంలో ఒక రకం నత్తగుల్లల నుంచి ఊదారంగు తీసేవారు. వాడి పారేసిన గుల్లలు కుప్పలుగా దొరికాయి.

మైరాలో నిలువుగా ఉన్న కొండచరియ నిండా గూళ్ళలాగా సమాధులు. రాతితోనే దూలాలు, వాసాలు, తలుపులు చెక్కారు. లిసియా ప్రజల కొయ్య ఇళ్ళు ఏనాడో పోయాయి. అవి ఎలా ఉండేవో ఈ రాతి ఇళ్ళు చూసి తెలుసుకోవచ్చు. 4వ శతాబ్దంలో ఇక్కడ నికొలస్ అనే మతగురువు ఉండేవాడు. ఒక పేదవాడి ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిళ్ళకు రాత్రివేళ రహస్యంగా బంగారపు మూటలు విసిరాడని ఆయనను గురించి కథ. క్రిస్మస్ తాత కథకు మూలపురుషుడు ఈయనే. 1087 లో ఇటలీ నావికులు ఆయన ఎముకలను బారీ పట్నానికి తీసుకుపోయారు.

మైరా నగరం ఏమైంది? నది వరదలు తెచ్చిన మట్టి దానిని కప్పేసింది. కొండవార నాటకశాల, సమాధులు, ఆ మతగురువు పేరిట కట్టిన చర్చి తప్ప చాలా భాగం నేల కిందనే ఉన్నది. పైన ప్లాస్టిక్ కప్పుల కింద రైతులు టొమాటోలు పండిస్తున్నారు. కొన్నేళ్ళ కిందట శాస్త్రజ్ఞులు మట్టి తవ్వి చూస్తే, 13వ శతాబ్దపు చిన్న ప్రార్థనామందిరం ఒకటి దాదాపు చెక్కుచెదరకుండా బయటపడింది. సుమారు అయిదున్నర మీటర్ల మట్టి దానిని దుప్పటి కప్పినట్టు కాపాడింది.

ఇసుక, నీరు, మట్టి—ఈ మూడూ లిసియా ఊళ్ళను మింగాయి, కాని అరిగించుకోలేదు. మింగినవాటిని చాలావరకు భద్రంగా దాచి ఉంచాయి. ఇక వాటిని పాడు చెయ్యడమైనా, చదవడమైనా మనుషుల చేతుల్లోనే ఉన్నది.