విన్నిపెగ్ చలిలో కారు నిద్ర

కెనడా దేశానికి ఇంచుమించు నడిమధ్యన, రెడ్ నదీ అసినిబోయిన్ నదీ కలిసేచోట ఉంది విన్నిపెగ్ నగరం. సంగమస్థలమే గాని, శీతకాలంలో అక్కడ మునగడానికి నీళ్ళుండవు. నది పైభాగమంతా రాయిలా గడ్డకడితే పిల్లాపెద్దా దానిమీద స్కేటింగు చేస్తుంటారు. డిసెంబరు నెలాఖరులో సూర్యుడు ఉదయం 8:30 ప్రాంతంలో వచ్చి సాయంత్రం 4:30కి వెళ్ళిపోతాడు. జనవరి రాత్రుల్లో మైనస్ 20 డిగ్రీలు మామూలు. మైనస్ 35 కూడా వాళ్ళకు వింతకాదు. మా బరంపురంలో పుష్యమాసం చలికే మంకీక్యాపు పెట్టుకునే నాబోటివాడికి ఆ అంకెలు వినగానే సగం ప్రాణం పోయింది.

అమ్మాయి, అల్లుడు అక్కడ ఉండబట్టి నేనూ మా ఆవిడా ఒక శీతకాలమంతా ఆ ఊళ్ళో గడిపాం. మొదట మా కళ్ళబడ్డ విడ్డూరం కార్లు. ప్రతి కారు ముందుభాగంలోంచీ ఎద్దు ముక్కుతాడులా ఒక కరెంటు వైరు వేలాడుతుంటుంది. ఆఫీసుల ముందు, అపార్టుమెంట్ల ముందు కారు నిలిపే చోట్ల వరసగా చిన్న స్తంభాలు, వాటికి ప్లగ్గులు. కారు దిగినవాడు ఆ తాడు తీసుకెళ్ళి గుంజకు కట్టినట్టే ప్లగ్గులో పెట్టిపోతాడు.

"ఈ ఊళ్ళో అన్నీ కరెంటు కార్లేనా నాయనా?" అని అడిగింది మా ఆవిడ.

"కాదత్తయ్యగారూ, అన్నీ పెట్రోలువే. ఆ వైరు ఇంజనును వెచ్చగా ఉంచడానికి" అన్నాడు అల్లుడు.

ఇంజను చుట్టూ తిరిగే కూలెంటును వేడిచేసే చిన్న హీటరది. బ్లాక్ హీటర్ అంటారు. విన్నిపెగ్‌కు దక్షిణంగా సుమారు 230 కిలోమీటర్ల దూరంలో, అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో, అదే రెడ్ నది ఒడ్డున గ్రాండ్ ఫోర్క్స్ అనే ఊరుంది. అక్కడి ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయనకు ఇలాంటి హీటరు మీద 1949లో పేటెంటు వచ్చింది. అంతకుముందు ఆ ప్రాంతపు రైతులు రాత్రి పడుకోబోయే ముందు ఇంజనాయిలు డబ్బాలోకి దించి, బ్యాటరీ ఊడదీసి, రెండింటినీ ఇంట్లో పొయ్యి దగ్గర పెట్టుకునేవారట. దూడను చలికి లోపల కట్టేసుకోవడం మనకు తెలుసు. బ్యాటరీని కట్టేసుకోవడం అక్కడే విన్నాను.

ఈ వైరు బ్యాటరీని ఛార్జి చేయదు. ఆ సంగతి విడిగా చెప్పాల్సివస్తోంది, ఎందుకంటే కొత్తగా వెళ్ళిన మనవాళ్ళు చాలామంది ఆ రెండూ ఒకటేననుకుంటారు.

రోజూ తిరిగే కారు సంగతి అది. చలికాలమంతా తీయకుండా పడుకోబెట్టే కార్లు వేరే ఉన్నాయి. రోడ్లమీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, జారకుండా ఇసుక చల్లుతారు. ఆ ఉప్పు కారు అడుగుభాగాన్ని తినేస్తుంది. అందుకని ముచ్చటపడి కొనుక్కున్న కార్లనూ పాతకాలపు కార్లనూ నవంబరులో షెడ్డులో పెట్టి, ఏప్రిల్లో గాని బయటికి తీయరు. అక్కడ మోటారు భీమా ప్రభుత్వ సంస్థే చేస్తుంది. కారు ఇలా పడుకోబెట్టిన కాలానికి తక్కువ ప్రీమియంతో వేరే భీమా ఉంది. కారు నిద్రపోవడానికి సర్కారువారి ఒప్పుదల అన్నమాట!

అమ్మాయి వాళ్ళ పక్కింటి పెద్దాయనకు అలాంటి కారొకటి ఉంది. ఆయన తాతగారు ఉక్రెయిన్ నుంచి వలసవచ్చి అక్కడ గోధుమ పండించారు. ఇంటి వెనక సందులో చెక్క షెడ్డు, హీటరు లేదు. షెడ్డు గోడకు క్యాలెండరు, దానిలో ప్రతి ఆదివారం గడిలోనూ పెన్సిలుతో ఒక అంకె: 12.7, 12.7, 12.6. మన ఇళ్ళలో పాలవాడి లెక్క రాసినట్టుంది. బ్యాటరీకి మీటరు పెట్టి చూసిన వోల్టులవి. ఆ క్యాలెండరు ముందు నిలబడి ఆయన చెప్పింది వింటే, చలి గురించి నాకున్న అభిప్రాయం తలకిందులయింది.

చలి బ్యాటరీలో దాచిన కరెంటును తినెయ్యదు. నిజానికి చలిలో దానంతటదిగా తగ్గిపోయే వేగం బాగా మందగిస్తుంది. తినేది కారే. గడియారం, దొంగల అలారం, లోపలి కంప్యూటర్లు కలిసి, తాళం వేసి ఉన్న కారులో కూడా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంటాయి. 50 అనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 25 రోజుల్లో సగమైపోతుంది. చలికాలం అయిదు నెలలు!

చలి దెబ్బకొట్టేది అప్పుడు. బ్యాటరీలో ఉండేది గంధకామ్లం కలిసిన నీళ్ళు. ఛార్జి తగ్గేకొద్దీ ఆమ్లం సీసపు పలకల్లో చేరిపోయి, మిగిలేది దాదాపు ఉత్తనీళ్ళు. పులుసులోంచి చింతపండంతా తీసేసినట్టు. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ మైనస్ 50లో కూడా గడ్డకట్టదు; పూర్తిగా దిగిపోయింది మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి, పలకలు వంగి, డబ్బా ఉబ్బి పగిలిపోతుంది. గడ్డకట్టిన బ్యాటరీని పొరపాటున కూడా ఛార్జింగుకు పెట్టకూడదు, పేలే ప్రమాదముంది. గడ్డకట్టకపోయినా, దిగిపోయిన స్థితిలో నెలలు గడిస్తే పలకలమీద సల్ఫేటు గట్టిపడి మళ్ళీ మునుపటి బలం రాదు.

మీటరు అంకెల అర్థం కూడా ఆయనే చెప్పాడు. కారు కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక చూస్తే 12.6, ఆ పైన నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12.2 అంటే సగం, అక్కడిదాకా రానివ్వకూడదు.

ఆయన షెడ్డులో బ్యాటరీకి అరచేతిలో పట్టే పెట్టె ఒకటి తగిలించి ఉంది. పాతరకం ఛార్జర్లను అలాగే వదిలేస్తే ఆపకుండా కరెంటు తోసి నీళ్ళు మరిగించేస్తాయి. ఇది అలాకాదు, నిండగానే తగ్గి, 13.2 నుంచి 13.5 వోల్టుల మధ్య ఊరికే పట్టుకుని ఉంటుంది. ఏజీఎం రకం బ్యాటరీ అయితే ఛార్జరు మీద దానికి తగిన అమరిక ఎంచుకోవాలి. షెడ్డులో కరెంటు లేనివాళ్ళు బ్యాటరీ ఊడదీసి లోపల పెట్టుకుని నెలకోసారి ఛార్జి చేస్తారు. సిమెంటు నేలమీద పెడితే దిగిపోతుందన్న మాట అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు ఆ భయం లేదు.

ఈ ముచ్చటంతా రాయడానికి కారణం విన్నిపెగ్ కాదు. పిల్లల దగ్గరికి ఆరేసి నెలలు వెళ్ళివచ్చే పెద్దవాళ్ళు మన సంఘంలో ఏటా పెరుగుతున్నారు. బెంగుళూరు సెల్లారులోనో చెన్నై ఇంటి వాకిట్లోనో కారు ఆరు నెలలు అలాగే పడి ఉంటుంది. మనకు గడ్డకట్టే గండం లేదు గాని, వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ దానంతటదిగా తగ్గే వేగం దాదాపు రెట్టింపవుతుంది. తిరిగివచ్చిన మూడో రాత్రి ఇంట్లో ఎవరికో గుండెల్లో నొప్పి అన్నప్పుడు తాళం తిప్పితే టిక్కుమని ఊరుకునే కారు ఎందుకు?

"వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపెయ్యండి" అని ఎదురింటివాళ్ళకు తాళంచెవి ఇచ్చిపోవడం మనలో ఆనవాయితీ. దానివల్ల మేలుకన్నా కీడే ఎక్కువ. సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయింది అయిదు నిమిషాల్లో సరిగా పూడదు. పైగా ఇంజను వేడెక్కక, పుట్టిన నీటిఆవిరి ఆయిల్లోనూ సైలెన్సరులోనూ మిగిలిపోతుంది. నడపగలవాళ్ళుంటే అరగంటకు తగ్గకుండా రోడ్డుమీద తిప్పమనండి. లేకపోతే తాళంచెవి ఇవ్వనే వద్దు.

దానికన్నా, వెళ్ళేముందు నిండా ఛార్జి చేయించి, మైనస్ వైరు ఊడదీసి పోవడం మంచిది. ముందు మైనస్సే తీయాలి. ప్లస్ తీస్తుండగా స్పానరు కారు బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. వచ్చాక తగిలించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. కొత్త కార్లలో వైరు తీస్తే రేడియో కోడూ అద్దాల అమరికా పోవచ్చు, కనుక కారుతో ఇచ్చిన పుస్తకం ఒకసారి తిరగేయండి. వైరు తీసినా ఆరు నెలలకు కొంత తగ్గుతుంది. సెల్లారులో ప్లగ్గు లేకపోతే బ్యాటరీని తెలిసిన బ్యాటరీకొట్లో అప్పజెప్పి, నెలకోసారి ఛార్జి చేసి ఉంచమనండి. ఇంట్లోనే చేసుకునేవాళ్ళు గాలి ఆడేచోట పెట్టుకోవాలి. ఛార్జింగులో హైడ్రోజన్ వాయువు వస్తుంది, దేవుడి దీపం వెలిగేచోట అసలు వద్దు.