ఊపిరి కోసం పైకి వచ్చే జీవి



సెంటినరీ కాలనీలో ఒక ఇంటికి వెళ్లినప్పుడు, ఆ ఇంటి చిన్నవాడు తన పుస్తకంలోని తెల్లని తిమింగలం బొమ్మ చూపించి, "అయ్యగారూ, ఇది మన సముద్రంల ఉంటదా?" అని అడిగాడు.

అది బెలూగా. ఉత్తర ధ్రువపు మంచు సముద్రాలలో నివసిస్తుంది. పుట్టినప్పుడు బూడిద రంగులో ఉండి, పెరిగేకొద్దీ తెల్లబడుతుంది. గుండ్రని నుదురు, రెక్క లేని నునుపైన వీపు. నీళ్లలో బ్రతికినా అది చేప కాదు. బిడ్డకు పాలిస్తుంది, మనవలెనే గాలి పీలుస్తుంది. సముద్రం గడ్డకట్టినప్పుడు మంచులోని పగుళ్ల దగ్గరకు వచ్చి ఊపిరి తీసుకోవాలి. ఆ పగుళ్లు మూసుకుపోతే గుంపుకు గుంపే చనిపోవచ్చు.

ఇది చెబుతుండగా ఆ బాలుని తాతగారు వింటున్నారు. ఆయన ముప్పై ఏండ్లు బాయి దిగిన మనిషి. "పైన ఫ్యాను ఆగితే కింద మా బతుకూ గంతే గద అయ్యగారూ" అన్నారు.

బెలూగా మన సముద్రంలో లేదు. అయితే రూపంలో దానిని పోలిన ఇరావతి డాల్ఫిన్ మన తూర్పు తీరంలోనే ఉన్నది. పేరు బర్మా నదిది. కాని శాస్త్రజ్ఞులకు మొదట దొరికినది 1852లో మన విశాఖపట్నం రేవులోనే! లండనులో రిచర్డ్ ఓవెన్ 1866లో దానిని గూర్చి వ్రాశారు. గుండ్రని తలను బట్టి ఒకప్పుడు దీనిని బెలూగా కుటుంబంలోనే చేర్చారు. ఇది ఇతర డాల్ఫిన్ల జాతిదేనని తరువాత తేలింది.

దానిని చూడాలని తాతా మనుమలతో కలిసి రామగుండంలో రైలెక్కి, విశాఖ మీదుగా పూరీ చేరాను. అక్కడ సముద్రపు ఒడ్డున పెంటకోట అనే తెలుగు జాలరుల పేట ఉన్నది. పరాయి రాష్ట్రంలో మన మాట వినగానే ప్రయాణపు అలసట తీరింది. మరునాడు యాభై కిలోమీటర్ల దూరాన, చిలికా సరస్సు ఒడ్డునున్న సాతపడాకు వెళ్లి పడవ ఎక్కాము.

దూరాన ఒక బూడిదరంగు వీపు కనబడగానే పడవలన్నీ మోటారు హోరుతో అటే పరుగెత్తాయి. మా పడవవాడు కూడా వేగం పెంచాడు. వీపు మునిగిపోయింది, మరల కనబడలేదు. అప్పుడు తాతగారు అతని భుజం తట్టి, "బాబూ, ఇంజను ఆపు. దాన్ని ఊపిరి తీసుకోనియ్యి" అన్నారు. భాష తెలియకపోయినా ఆ సైగ అర్థమై అతడు ఆపివేశాడు. కొంతసేపు నిశ్శబ్దం. తరువాత ప్రక్కనే 'ఫుస్' మని శబ్దం! గుండ్రని తల ఒకటి, దాని వెంట చిన్న పిల్ల. గాలి పీల్చి మునిగిపోయాయి. చిన్నవాడు తాత చేయి గట్టిగా పట్టుకున్నాడు.

ఆ సరస్సుకే ఒకప్పుడు ఊపిరాడలేదు. సముద్రంలోనికి పోయే ముఖద్వారం ఇసుకతో పూడి, నీటిలో ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, చేపలు తరిగి, జాలరులు అల్లాడారు. 2000వ సంవత్సరంలో క్రొత్త ముఖద్వారం తవ్విన తరువాత చేపలు మరల వచ్చాయి. అయినా డాల్ఫిన్లు అక్కడ రెండు వందలకు లోపే. వలలో చిక్కి పైకి రాలేకపోతే అవి నీటిలోనే ఊపిరాడక చనిపోతాయి. మోటారు రెక్కలు తగిలి గాయపడతాయి. వలవేసే జాలరికీ కడుపు ఉన్నది. అతని మీద నింద మోపి ప్రయోజనం లేదు. కాని చూడబోయే మనము పడవవానిని తొందరపెట్టకుండా ఉండగలము గదా!

తిరుగు ప్రయాణంలో చిన్నవాడు అడిగాడు: "తాతా, నువ్వు బాయిల ఉన్నప్పుడు పైన ఫ్యాను ఎవరు చూసేటోళ్లు?"

"ఎవరో ఒకాయన, బిడ్డా. ఆయన మొఖం నేనెప్పుడూ చూడలే. ఆయన నిద్రపోలేదు గనుకనే నేను ఇంటికొచ్చిన" అన్నారు తాతగారు.