గంధం రంగు గోడలు

ఎనభయ్యో దశకంలో మా పల్నాడు ఊళ్ళల్లో ఇంటికి రంగు వేయించడమంటే సున్నం కొట్టించడమే. అప్పటికి మాది గుంటూరు జిల్లా. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు మాకు దగ్గర. ఆ దారిన బస్సులో పోతుంటే రోడ్డు పక్క తుమ్మచెట్ల ఆకులు కూడా తెల్లగా కనిపించేవి. సంక్రాంతికి నెల పట్టారంటే చాలు, నాన్న ఒక బస్తా రాతి సున్నం తెచ్చి పెరట్లో దించేవారు.

అక్కణ్ణించి పెత్తనమంతా నాయనమ్మది. గాబులో సున్నపు ఉండలు వేసి నీళ్ళు పోయగానే బుసబుసమని ఆవిరి లేచి, గాబంతా కుతకుత ఉడికేది. ‘కళ్ళు పోతాయిరా, అవతలికి పోండి’ అని పిల్లల్ని కేకలేసేది. రాత్రంతా నానిన సున్నాన్ని మర్నాడు పాత పంచెలో వడగట్టి, గుప్పెడు ఉప్పు, కాచిన తుమ్మ జిగురు కలిపేవారు. జిగురు తక్కువైన ఏడు గోడకు ఆనుకున్న వాళ్ళందరి వీపులూ పండగ నాడు తెల్లబడేవి.

చివర్న నీలిమందు. అసలు పనితనం అక్కడే ఉంది. వట్టి సున్నం ఆరితే ఒక పిసరు పసుపు తిరుగుతుంది. చిటికెడు నీలిమందు ఆ పసుపును విరిచేస్తుంది. ఎక్కువైతే గోడ నీలంగా తేలిపోతుంది. మా సున్నాల తాత కర్రతో బాగా కలిపి, తలుపు వెనక గోడ మీద జానెడు మేర పూసి, చుట్ట వెలిగించుకుని కూర్చునేవాడు. పచ్చిగా ఉన్నప్పుడు సున్నం రంగు తెలీదు. పాత గోడ కింద నుంచి కనపడుతూ బూడిదలా ఉంటుంది. ఆరేకొద్దీ తెలుపు పైకి తేలుతుంది. ‘ఆరనియ్యి పెద్దమ్మా, తొందరపడితే ఎట్టా’ అనేవాడు. నాయనమ్మతో అలా అనగలిగినవాడు ఊళ్ళో ఆయనొక్కడే. ఇంకో చిటికెడు వెయ్యాలా వద్దా అని ఇద్దరూ తేల్చుకున్నాకే కుంచె పెద్ద గోడ ఎక్కేది.

గోడకు పూసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ సున్నపురాయి అవుతుందని బళ్ళో సైన్సు మాస్టారు చెప్పారు. మా నేలలో తవ్విన రాయే బట్టీలో కాలి, గాబులో ఉడికి, మా గోడ మీద పలచటి పొరగా తిరిగి రాయి అయ్యేదన్నమాట. అది తెలిసిన ఏడు ఆ గోడల్ని ఎన్నిసార్లు తడిమి చూశానో!

దేవుడి గదికి మాత్రం తెల్లసున్నం వేసేవాళ్ళు కాదు. సున్నంలో కాస్త పసుపు మన్ను కలిపేవాళ్ళు. బేతంచర్ల వైపు తవ్వే మన్ను అది, సంతలో పొడిగా దొరికేది. సున్నపు క్షారానికి చాలా రంగులు వెలిసిపోతాయి, మన్ను రంగులు నిలుస్తాయి. ఆరాక ఆ గది లేత గంధం రంగులోకి వచ్చేది. నాన్న పొద్దున్నే అక్కడ కూర్చుని పేపరు చదువుకునేవారు.

నేను హైస్కూల్లో ఉండగా మా ఊళ్ళో డిస్టెంపర్ ఊపందుకుంది. ఏషియన్ పెయింట్స్ కోసం ఆర్‌.కె. లక్ష్మణ్ 1954లో గీసిన గట్టు అనే అల్లరి పిల్లాడు మా ఊరి కొట్టు గోడ మీద కూడా కుంచె పట్టుకుని నిలబడ్డాడు. దాంతో ఊరు రంగులెత్తింది. ఒకరి వసారా గులాబి, ఒకరిది ఆకాశ నీలం, మా మేనత్త వాళ్ళ ముందుగది పిస్తా ఆకుపచ్చ. మాకూ అలాంటిదే కావాలని నేనూ అక్కా ఒకటే గొడవ. నాన్న గంధం రంగు తెచ్చారు. అత్త వచ్చి చూసి, ‘ఇదేం రంగు అన్నయ్యా, సున్నమే మాసినట్టుంది’ అనేసింది. అమ్మ మొహం చిన్నబోయింది.

నాన్న రంగు ఎంచే ముందు నేల చూశారు. మా ఇంట్లో పరిచింది మాచర్ల నాపరాళ్ళు, నీలిఛాయ తిరిగే బూడిద రంగువి. తెల్లసున్నం పక్కన అవి వేసవిలో చల్లగా అనిపించేవి గాని, శీతాకాలం పొద్దుల్లో గదంతా వెలవెలబోయేది. గంధం రంగు పడ్డాక ఆ రాళ్ళకే ఒక నిగారింపు వచ్చింది. టేకు ద్వారబంధం, ఇత్తడి గంగాళం, నల్ల ఫ్రేములో తాతయ్య ఫొటో, పైన గోధుమ రంగూ కింద తెలుపూ ఉన్న ఆవకాయ జాడీల వరస, అన్నీ అప్పుడే కొత్తగా కొన్నట్టు కనిపించాయి. గోడ తగ్గి ఉంటే ఇంట్లోని వస్తువులు, మనుషులు ముందుకొస్తారు. పిస్తా రంగు గదిలో మొహాలు కూడా పాలిపోయినట్టు ఉండేవి. మరుసటి ఏడు అత్త కూతురి పెళ్ళిచూపులు మా ముందుగదిలో పెట్టుకున్నారు. రంగు గురించి అత్త మళ్ళీ ఒక్క మాట అనలేదు.

రాత్రిళ్ళు నలభై వాట్ల బల్బు కింద ఆ గోడ పాలమీగడలా ఉండేది. తర్వాత ట్యూబ్‌లైట్ వచ్చింది. అదే గోడ, అదే రంగు, ఆకుపచ్చ తిరిగి నీరసంగా కనిపించింది. అమ్మ ట్యూబ్‌లైట్‌ను వసారాలోకి మార్పించి, లోపల బల్బే ఉంచింది.

ఇప్పుడు హైదరాబాదులో, విజయవాడలో కొత్త ఫ్లాట్లు కొన్నవాళ్ళు బీజ్, ఐవరీ, ఆఫ్‌వైట్ అంటూ షేడ్ కార్డు అరచేతిలో పట్టుకుని దుకాణం లైట్ల కిందే తేల్చేస్తున్నారు. ఈ లేతరంగులు చప్పనివని నేనొప్పుకోను. చప్పగా ఉండేది తొందరగా ఎంచినది. ప్రతి లేతరంగు అడుగునా పసుపో, గులాబీయో, ఆకుపచ్చో ఒక ఛాయ దాగి ఉంటుంది. అగ్గిపెట్టె అంత కార్డు మీద అది తెలీదు, గోడంతా పరుచుకున్నాకే బయటపడుతుంది. 6500 కెల్విన్ ఎల్‌ఈడీ కింద గోధుమ ఛాయ మాడిపోయి బూడిదలోకి జారుతుంది, 3000 కెల్విన్ లైటు కింద పసుపు పెరుగుతుంది. నేల మీది టైల్స్ రంగు కూడా గోడకు పాకుతుంది.

అందుకే ఇంటికి రంగు వేయించుకునే వాళ్ళకు నా మనవి ఒకటే. మీకు నచ్చిన రెండు మూడు లేతరంగుల చిన్న డబ్బాలు తెచ్చి, మీ గోడ మీదే మూడేసి అడుగుల మేర రెండు కోట్లు వేయించండి. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి చూడండి. పెయింటరు తొందరపెట్టినా ఆ రోజంతా ఆగండి. తప్పు రంగు పడితే గది మొత్తం మళ్ళీ వేయించాలి. ముందే చూసుకుంటే పోయేది ఆ చిన్న డబ్బాల ఖర్చే.