ఓట్స్ నీడన

పురిటికని అమెరికా వెళ్లొచ్చినవాళ్లు నయాగరా గురించి చెబుతారు, షాపింగ్ మాల్స్ గురించి చెబుతారు. నేను గడ్డి గురించి చెబుతాను. నవ్వకండి.

2024 ఏప్రిల్‌లో మా అమ్మాయి పురిటికి నేనూ మా ఆయనా విస్కాన్సిన్ వెళ్లాం. మాడిసన్‌కి అరగంట దూరంలో చిన్న ఊరు. వంటింటి కిటికీలోంచి చూస్తే పెరటి కంచె, కంచె అవతల ఓ పాడి రైతు పొలం. మనవరాలు పుట్టిన వారానికనుకుంటా, గిన్నెలు కడుగుతూ తలెత్తి చూశాను. తెల్లజుట్టు పెద్దాయన ఒకరు ట్రాక్టర్ దిగి, దున్నిన నేలలో నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి తన అడుగుజాడలే వంగి చూసుకుంటున్నారు. మళ్లీ ట్రాక్టరెక్కి రోలర్ తోలారు. మళ్లీ దిగి నడిచారు. పాపం, ఏం పోగొట్టుకున్నారో అనుకున్నాను.

ఓ ఎండపూట పాపను స్ట్రోలర్‌లో తోసుకుంటూ కంచె దాకా వెళితే ఆయనే పలకరించారు. బళ్లో పాతికేళ్లు పాఠాలు చెప్పిన ఇంగ్లీషు నాది, మొహమాటం లేకుండా అడిగేశాను. వేసేది ఆల్ఫాల్ఫా అట. ఆవగింజంత విత్తనం, కిలోకి నాలుగైదు లక్షల గింజలుంటాయి. పావు అంగుళం నుంచి అర అంగుళం లోతులోనే పడాలి. నేల గుల్లగా ఉంటే లోపలికి దిగిపోయి మొలక పైకి రాలేదు. అందుకే అడుగు దిగబడనంత గట్టిగా నేలను అదుముతారు.

ఆల్ఫాల్ఫా అంటే మన లూసర్నే. ఆ సంగతి తట్టగానే నాకు పలమనేరు దగ్గర మా ఊరి బావి గట్టు కళ్ల ముందు నిలబడింది.

1986లో మా నాయన అప్పు చేసి జెర్సీ ఆవును కొన్నాడు. లూసర్న్ వేస్తే పాలు పెరుగుతాయని పశువుల డాక్టరు చెప్పాడు. ఒకసారి నాటుకుంటే మూడు నాలుగేళ్లు ఉంటుంది, నెల నెలా కోసుకోవచ్చు. ఆ అక్టోబరులో బావి కింద అరెకరంలో నాలుగు కిలోల విత్తనం ఇసకతో కలిపి చల్లాడు. కానీ మొదటి కోతకు రెండు నెలలు దాటుతుందని తెలిసి మనసు ఒప్పలేదు. ‘అంతదాకా నేల ఊరకే ఉండాల్నా?’ అని దాంతోపాటే జొన్నలు కూడా ఒత్తుగా చల్లేశాడు.

రెండూ మొలిచాయి. జొన్న నడుమెత్తు పెరిగింది. అమ్మ రోజూ చేలోకి వెళ్లి ఆకులు పక్కకు తీసి కిందకు చూసేది. ‘జొన్నను పచ్చిగానే కోసి ఆవుకేద్దాం. కిందిదానికి ఎండ తగల్లేదు’ అంది. ‘కంకి వేసే పైరును ఎవరైనా కోస్తారా? ఇంకొన్నాళ్లు ఓర్చుకుంటే నాలుగు మూటలు ఇంట్లో పడతాయి’ అన్నాడు నాయన. ఇంతలో ముసురు పట్టి జొన్న అడ్డంగా పడిపోయింది. చివరికి రెండు మూటలే వచ్చాయి. చొప్ప ఎత్తాక చూస్తే కింద అక్కడక్కడా పసుప్పచ్చ దారాల్లాంటి మొక్కలు. వారంలో అవీ పోయాయి. ఎండాకాలానికి పాలు తగ్గాయి, వాయిదాలు తప్పాయి, ఆవును అమ్మేశారు. ‘నే చెప్పలే?’ అని అమ్మ మా ముందు ఎప్పుడూ అనలేదు. నాయన మాత్రం ఆ జొన్నల సంగటి తిన్నన్నాళ్లూ తలెత్తకుండా తినేవాడు.

ఇక్కడ చూద్దును కదా, పెద్దాయన కూడా అదే పని చేస్తున్నారు! విత్తే యంత్రంలో పెద్ద పెట్టెలో ఓట్స్, చిన్న పెట్టెలో ఆల్ఫాల్ఫా. నాకు గుండె గుబుక్కుమంది. ‘కింది పంట చచ్చిపోదా?’ అన్నాను. ఓట్స్ ఎకరాకు 15-20 కిలోలే వేస్తాం, విడిగా వేసేదానికన్నా తక్కువ అన్నారు. ఓట్స్ ముందు మొలిచి కలుపును అణుస్తుంది, వసంతం వానలకు వాలు నేల కోసుకుపోకుండా పట్టుకుంటుంది. నిరుడు ఆ చేలో మొక్కజొన్న వేశారట. పాత ఆల్ఫాల్ఫా తీసిన నేలలో వెంటనే మళ్లీ అదే వేస్తే, పాత మొక్కలు వదిలిన పదార్థాలకు కొత్త మొలకలు సరిగా ఎదగవు. ఇవన్నీ మా నాయనకు ఎవరు చెప్పాలి?

జూలై మొదటివారంలో ఓట్స్ పొట్టకొచ్చింది. ఒకట్రెండు కంకులు తొంగిచూస్తున్నాయి. ఆ పొద్దున యంత్రం దిగింది. పొట్టమీదున్న పైరును కోస్తుంటే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంది. మనకది పాపం కదా! గింజ పండనిస్తే ఇంకా డబ్బొస్తుందిగా అంటే, ఆయన కంచె దగ్గరకొచ్చి, ‘మా నాన్న ఓ ఏడాది అలాగే ఆగాడు’ అన్నారు. అంతకన్నా చెప్పలేదు. నేనూ అడగలేదు. కోసిన పచ్చిమేత పాతరకు పోయింది. ఓట్స్ మోళ్ల మధ్య జానెడు ఎత్తున మూడాకుల పచ్చదనం. ఆగస్టు చివర్లో దాన్ని ఒకసారి కోశారు. ఆ తర్వాత ముట్టుకోలేదు. మంచు పడేలోగా వేళ్లు బలం కూడగట్టుకోవాలట.

ఆ రాష్ట్రంలో 2004లో పదిహేను వేల పైచిలుకు పాడి మందలుండేవి, ఇప్పుడు ఆరు వేల లోపే. ఆయన కొడుకు చికాగోలో ఉద్యోగం. అయినా నాలుగేళ్లుండే గడ్డి వేశారాయన, డెబ్భై దాటాక.

సెప్టెంబరులో అమ్మాయి, ‘అమ్మా, ఇంకో ఆరు నెలలు పొడిగించమని అప్లికేషన్ పెడదాం’ అంది. మా ఆయన అప్పటికే తిరిగొచ్చేశారు. నాకెంత సంబరమో! పాప ఏడిస్తే నా ఒళ్లోకి రావలసిందే. అయిదు నెలలుగా నూనె రాసి కాళ్లమీద వేసుకుని నీళ్లు పోసింది నేనే. అల్లుడు తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. అమ్మాయి అటు వచ్చేదే కాదు, ‘నాకు భయం, నువ్వే పొయ్యి’ అనేది.

రెండ్రోజులు సమాధానం చెప్పలేదు. మూడోరోజు, అక్టోబరు టిక్కెట్టు అలాగే ఉంచమన్నాను. అమ్మాయి మూతి ముడుచుకుంది. ఆ పూట నాతో మాట్లాడలేదు.

బయల్దేరే ముందు ఆదివారం నేనే చిన్న పీట తెచ్చి వేశాను. అమ్మాయి కూర్చుని కాళ్లు చాపింది. పాపను ఆ కాళ్లమీద పడుకోబెట్టి, పక్కగదిలోకి వెళ్లి బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను. నీళ్ల చప్పుడు. పాప గుక్కపట్టింది. ‘అమ్మా!’ అని కేక. లేవలేదు.

కాసేపటికి ఏడుపు ఆగింది.