పలక మీద పలికిన రేడియో

మాది నల్లమలలో పెద్దదోర్నాల అవతల ఒక చెంచు గూడెం. మా గూడెంలో సెల్‌ఫోన్లు ఉన్నాయి, సిగ్నల్ లేదు. ఎవరికైనా ఫోన్ చేయాలంటే గూడేనికి ఎగువన ఉన్న బండ ఎక్కాలి. అక్కడా ఒక్కోసారి ఒక గీత వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. పిల్లలు దానికి ఫోను బండ అని పేరు పెట్టారు.

నేను మార్కాపురంలో ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు మా నాయన తేనెకు పోయాడు. తేనెకు దిగేవాడి తాడు పైన పట్టుకోవాల్సింది పెళ్లాం తమ్ముడే. అక్క బతుకు వాడి చేతిలో ఉంటుంది కాబట్టి తాడు వదలడని మా పెద్దల నమ్మకం. ఆ రోజు కూడా మామ తాడు వదల్లేదు. నాయన కింద కాలు మోపిన రాయే జారింది. కాలు విరిగింది. నేను పరుగున ఫోను బండ ఎక్కాను. ఎంతసేపు చెయ్యి పైకెత్తి తిప్పినా గీత రాలేదు. దిగొచ్చి డోలీ కట్టి రోడ్డు చేరేసరికి చీకటి పడింది. నాయన బతికాడు గానీ ఆ కాలు ఇప్పటికీ ఈడుస్తాడు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు ప్రయాణిస్తున్న హెలికాప్టర్ ఇదే నల్లమలలో కూలిపోతే, జాడ తెలిసింది మర్నాడు పొద్దున. అంత పెద్దవాళ్ల జాడకే అంతసేపు పట్టిన అడవి ఇది.

నాయన కాలు కట్టు విప్పేలోగా నేను హామ్ రేడియో గురించి చదవడం మొదలుపెట్టాను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ గారు హామ్ రేడియో పని మీద అండమాన్‌లోనే ఉన్నారు. ఆమె తన సెట్టుతో పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటికి కబుర్లు అందించారు. టవరు లేదు, కంపెనీ లేదు. ఒక సెట్టు, ఒక బ్యాటరీ, ఒక తీగ. అంతే.

నాకు ఒక సందేహం ఉండేది. చేతిలో పట్టుకునే వైర్‌లెస్ సెట్టు కొండ అడ్డం వస్తే మూగబోతుంది కదా, మరి ఇదెలా పనిచేస్తుంది? చేతి సెట్టు తరంగాలు దాదాపు చూపు సాగినంత దూరమే పోతాయి. 7 మెగాహెర్ట్‌జ్ తరంగాల దారి వేరు. తీగను తక్కువ ఎత్తులో అడ్డంగా కడితే అవి నిటారుగా పైకి పోయి, 100 నుంచి 300 కిలోమీటర్ల ఎత్తులో ఉండే అయనోస్ఫియర్ పొరలను తాకి, మళ్లీ వానలా కిందికి దిగుతాయి. కొండను దాటాల్సిన పని లేదు, కొండ మీంచే వచ్చి పడతాయి. లోయలో బతికే మనకు ఇంతకంటే కావలసింది ఏముంది?

మన దేశంలో లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. అందుకని ముందు పరీక్ష రాశాను. 12 ఏళ్లు నిండినవారెవరైనా రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ అక్కర్లేదు, రేడియో సూత్రాలు, నిబంధనలు తెలిస్తే చాలు. లైసెన్సు చేతికొచ్చాకే బిట్ఎక్స్40 కిట్ తెప్పించుకున్నాను.

ఈ కిట్ మన హైదరాబాదులో పుట్టింది. దీన్ని రూపొందించిన అష్హర్ ఫర్హాన్ గారు తన మొదటి బిట్ఎక్స్ సర్క్యూట్‌ను దాచుకోకుండా అందరికీ ఇచ్చేశారు. ఖరీదైన విదేశీ భాగాలు కాకుండా కుళాయి వాషరు, టీవీ బాలున్ లాంటి వీధి కొట్లో దొరికే వస్తువులతో దాన్ని తయారుచేశారు. ఆ దారిలోనే వచ్చిన బిట్ఎక్స్40లో సర్క్యూట్ పటం మన చేతిలో ఉంటుంది. ఏ భాగం ఏం చేస్తుందో మనమే చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు.

బోర్డును ఒక రేకు డబ్బాలో బిగించాను. రెండు చెట్ల మధ్య 20 మీటర్ల తీగను నడిమికి కోసి, అటు 10, ఇటు 10 మీటర్లుగా కట్టాను. సెట్టు ఆన్ చేయగానే ఎక్కడెక్కడి గొంతులో వినిపించాయి. తెలుగు, తమిళం, హిందీ. గూడెమంతా చుట్టూ చేరింది. నేను మైకు బటన్ నొక్కి నా కాల్‌సైన్ చెప్పాను. జవాబు లేదు. పది సార్లు చెప్పాను. మూడు రోజులు చెప్పాను. ఎవరూ పలకలేదు.

మామ అడిగాడు: "ఏందిరా అల్లుడా, అందరి మాటా మనకు వినబడతా ఉంది. మన మాట ఎవరికీ వినబడదా?"

ఆ మాట నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. గూడేనికి రేడియో ఎప్పుడో వచ్చింది, టీవీ వచ్చింది. వినడం మనకు కొత్త కాదు.

"ఎక్కడో చెడింది మామా, ఎక్కడో తెలియట్లేదు" అన్నాను.

"తాడు జారితే ఏం చేస్తాం? తాడంతా పారేస్తామా? పైనుంచి ఒక్కొక్క ముడీ తడుముకుంటూ దిగుతాం. బాగున్న ముడికీ చెడిన ముడికీ మధ్యలోనే ఉంటాది."

రేడియో రిపేరు గురించి నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పేది కూడా ఇదే.

తీగ విప్పేసి, దాని స్థానంలో డమ్మీ లోడు పెట్టాను. 1000 ఓముల ఒక వాటు రెసిస్టర్లు 20 పక్కపక్కన కలిపి టంకం పెడితే 50 ఓములు వస్తుంది. తరంగాన్ని గాలిలోకి పోనివ్వకుండా ఇది వేడిగా మార్చేస్తుంది. మన పరీక్షలతో ఎదుటివాళ్లకు ఇబ్బంది ఉండదు. ఒక డయోడు, ఒక కెపాసిటరు మల్టీమీటరుకు తగిలించి ప్రోబు చేసుకున్నాను. డమ్మీ లోడు మీద ఆ మీటరు చూపే వోల్టేజీని దానితోనే గుణించి 100తో భాగిస్తే ఎన్ని వాట్లో తెలుస్తుంది.

మొదటి ముడి: బటన్ నొక్కితే రిలే టక్కుమంది. బాగుంది. రెండో ముడి: నొక్కి ఊరికే ఉంటే మీటరు సున్నా చూపింది. ఇక్కడే కొత్తవాళ్లు కంగారుపడతారు. ఈ సెట్టు సింగిల్ సైడ్‌బ్యాండ్‌ది. మాట లేకపోతే తరంగమే పుట్టదు. అందుకని మైకు దగ్గర ఈల వేస్తూ ప్రోబును బోర్డు మీద ఒక్కో దశ దగ్గరా ఆనించాను. మైకు నుంచి వచ్చిన సంకేతం ఫిల్టరు దాటింది, డ్రైవరు దాటింది, చివరి ట్రాన్సిస్టరు ఐఆర్ఎఫ్510 గేటు దాకా వచ్చింది. దాని డ్రెయిన్ దగ్గర ఏమీ లేదు. ఈలే కాదు, అక్కడ ఉండాల్సిన 12 వోల్టులు కూడా లేవు.

ఈ బోర్డులో చివరి దశకు కరెంటు తీగ వేరుగా ఉంటుంది. ఆ తీగలో నేను పెట్టిన ఫ్యూజు కాలిపోయింది. మిగతా బోర్డుకు కరెంటు మామూలుగానే అందుతోంది. అందుకే మాకు అందరూ వినబడ్డారు, మేము ఎవరికీ వినబడలేదు.

కొత్త ఫ్యూజు వేశాను. మీటరు కదిలింది. సంతోషంతో మూత పెట్టి మళ్లీ చూస్తే సున్నా. రెండో ఫ్యూజూ పోయింది. ఫ్యూజు కాలితే మార్చడం రిపేరు కాదు, ఎందుకు కాలిందో కనుక్కోవడమే రిపేరు. మూత తీసి ఉంటే బాగుంది, మూత పెడితే పోతోంది. మూత లోపలి వైపు చూశాను. చిన్న గీత పడి ఉంది. ఐఆర్ఎఫ్510 వెనక రేకు దాని డ్రెయిన్‌కే కలిసి ఉంటుంది, దానికి బిగించిన హీట్ సింక్‌లోనూ అదే 12 వోల్టులు ఉంటాయి. ఆ హీట్ సింక్ కొస మూతకు తగులుతోంది. డబ్బాయేమో బ్యాటరీ మైనస్‌కు కలిపి ఉంది. తప్పు కిట్‌ది కాదు, డబ్బా కొలత చూసుకోని నాది.

పెద్ద డబ్బా కొనడానికి మార్కాపురం పోయాను. అక్కడ ఒక కొట్టు ముందు పలకలు పేర్చి ఉన్నాయి. ఒకప్పుడు దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో మార్కాపురం పలక మీదే అక్షరాలు దిద్దారు. పలక రాయిలో కరెంటు పారదు. పూర్వం విదేశాల్లో కరెంటు స్విచ్ బోర్డులను పలక రాతి మీదే బిగించేవారని చదివిన గుర్తు. డబ్బా మానేసి, మందమైన పలక ఒకటి కొన్నాను. కొన్ని పలకల్లో లోహపు చారలు ఉంటాయి కాబట్టి ముందు మల్టీమీటరుతో అంతటా చూశాను. రంధ్రాలు వేసేటప్పుడు నీళ్లు పోస్తూ, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేశాను. పలక దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, ఈ సంగతి పలకల పని చేసినవాళ్లకు బాగా తెలుసు. మామ చుట్టూ చెక్క చట్రం కట్టి ఇచ్చాడు.

ఈసారి ఫ్యూజు నిలిచింది. కానీ ఈల వేస్తే మీటరు 9 వోల్టులే చూపింది. అంటే ఒక వాటు కూడా లేదు. చివరి ట్రాన్సిస్టరు కాలిపోతుందేమోనన్న భయంతో దాని బయాస్ ప్రీసెట్‌ను నేనే సున్నా దగ్గర వదిలేశాను. దాని కరెంటు తీగలో మీటరును వరసగా పెట్టి, మైకు దగ్గర ఎవరినీ మాట్లాడనివ్వకుండా బటన్ నొక్కి, ప్రీసెట్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆపాను. ఆ పైన ఈల వేస్తే 22 వోల్టులు. దాదాపు 5 వాట్లు.

ఇంకొక బాధ మిగిలింది. పగలు సెట్టులో ఒకటే గురగుర. ఇంటి మీది సోలార్ పలక నుంచి బ్యాటరీకి ఛార్జి ఎక్కించే కంట్రోలరు చేసే గోల అది. మాట్లాడేటప్పుడు సోలార్ తీగ విప్పేసి, బ్యాటరీ మీదే నడిపితే పోయింది.

ఆ ఆదివారం పొద్దున తీగ మళ్లీ తగిలించి పిలిచాను. రెండోసారికి హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన గొంతు వచ్చింది. నా కాల్‌సైన్ తిరిగి చెప్పి, మాట బాగా వినబడుతోందని, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నానని అడిగారు. గూడెం పేరు చెప్పాను. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. ఆయన రాసుకున్నారు. మామ పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు, తలపాగా సర్దుకుని అక్కను పిలుచుకు రావడానికి పోయాడు.

ఈ సెట్టు అంబులెన్సును తేలేదు. రోడ్డు వేయలేదు. ఆకాశం బాగాలేని రోజు మాట కూడా పోదు. ఫోను టవరు అడగడం మేము మానలేదు, మానకూడదు. కానీ కాలు విరిగిన మనిషి సంగతి బయట ఒక్కరికైనా చెప్పగల దారి ఒకటి ఏర్పడింది. అది చెడితే పట్నం నుంచి ఎవరో రావాల్సిన పని లేదు.

టీచర్లకు ఒక మాట. సెట్టు కొనే దాకా ఆగక్కర్లేదు. మల్టీమీటరు, నాలుగు రెసిస్టర్లు, ఒక చిన్న రిసీవరు సర్క్యూట్ చాలు. అది పనిచేయకపోతే ఇంకా మంచిది. ఏ ముడి బాగుందో, ఏ ముడి చెడిందో పిల్లల్నే వెతకనివ్వండి. అడవిలో జాడ పట్టే ఇంటి పిల్లలకు ఆ వరస కొత్తగా నేర్పాల్సిన పని ఉండదు.

పోయిన నెల సెట్టులో కొత్త జబ్బు మొదలైంది. శబ్దం ఉన్నట్టుండి తగ్గిపోతోంది, పలకను తడితే మళ్లీ వస్తోంది. ఎక్కడో టంకం వదులైందని అనుకుంటున్నాను. మా గూడెంలో ఈ ఏడాది లైసెన్సు పరీక్షకు చదువుతున్న అమ్మాయి ఉంది. బ్యాటరీ తీగ విప్పి, ప్రోబు, సర్క్యూట్ పటం ఆ అమ్మాయి చేతికిచ్చాను. నేను పక్కన కూర్చున్నాను.