దారిలో రాసిన ఉత్తరాలు: పౌలు పాట్లు, పౌలు విశ్వాసం

పౌలు ఉత్తరాలను ఇవాళ చర్చిలో ప్రసంగానికి మూలవాక్యాలుగా చదువుతున్నారు. అవి పుట్టింది మాత్రం ప్రయాణంలో. ఒక ఊళ్లో దెబ్బలు తిని, మరో ఊళ్లో డేరాలు కుట్టి పొట్టపోసుకుంటూ, వెనక వదిలి వచ్చినవాళ్లు ఎలా ఉన్నారో తెలియక కంగారుపడుతూ రాసినవవి. చూసిన ఊళ్ల వర్ణన వాటిలో దాదాపు లేదు. ఒకరి జబ్బు, ఒకరి అలక, రావలసిన మనిషి రాకపోవడం, చలికి కావలసిన అంగీ మాత్రం ఉన్నాయి. కష్టంలో విశ్వాసం ఎలా నిలుస్తుందో ఈ చిన్న సంగతుల్లోనే బాగా తెలుస్తుంది.

కొరింథు నుంచి

థెస్సలొనీకయులకు రాసిన మొదటి ఉత్తరం కొరింథులో ఉండగా రాసినది. డెల్ఫీలో దొరికిన ఒక శాసనం వల్ల కొరింథు ఉన్న అకయ రాష్ట్రానికి గల్లియో అధిపతిగా ఉన్న కాలం క్రీ.శ. 51-52 అని తేలింది. కొరింథులో పౌలును విచారణకు నిలబెట్టింది ఆ గల్లియో ఎదుటే కాబట్టి ఉత్తరం కూడా ఇంచుమించు అప్పటిదే. అంతకు ముందు ఫిలిప్పీలో బెత్తాలతో కొట్టి కాళ్లకు బొండ వేశారు. థెస్సలొనీకలో అల్లరి రేగితే రాత్రికి రాత్రే బెరయకు దాటించారు. అక్కడా నిలవనివ్వకపోతే ఏథెన్సు చేరాడు.

ఏథెన్సు కొండమీద పార్థెనాన్ అప్పటికే దాదాపు 500 ఏళ్ల నాటిది. ఆ ఊసే ఉత్తరంలో లేదు. ఏథెన్సు గురించి ఉన్నదల్లా అక్కడ ఒంటరిగా ఉండిపోవడానికి సిద్ధపడ్డామన్న మాట. థెస్సలొనీక వాళ్ల సంగతి తెలియక ఇక ఆగలేక, దగ్గరున్న తిమోతిని పంపేశాడు. రోమా ప్రభుత్వపు టపా అధికారుల పనులకే నడిచేది. మామూలు మనుషుల కబురు ఎవరో ఒకరు కాలినడకనో ఓడమీదో మోసుకు రావలసిందే, అది వచ్చేదాకా దిగులుపడుతూ ఉండవలసిందే. తిమోతి తిరిగివచ్చి వాళ్లు విశ్వాసంలో నిలిచే ఉన్నారని చెప్పాక గానీ పౌలుకు ప్రాణం లేచిరాలేదు. ఆ సంతోషం ఉత్తరమంతా పొంగుతూనే ఉంది.

మాసిదోనియ నుంచి

కొరింథీయులకు రాసిన రెండో ఉత్తరం అన్నిటిలోకీ అలసిన ఉత్తరం. ఆసియాలో వచ్చిన శ్రమకు బతుకు మీదే ఆశ వదులుకున్నామని మొదట్లోనే చెప్పేస్తాడు. త్రోయలో సువార్తకు చక్కటి అవకాశం దొరికింది, అయినా తోటి పనివాడు తీతు అక్కడ కనబడలేదని మనసు నిలవక మాసిదోనియకు బయల్దేరిపోయాడు. అక్కడ బయట గొడవలు, లోపల భయాలు. చివరికి తీతు వచ్చాడు. దేవుడు తనను ఆదరించింది తీతు రాకతోనే అని పౌలు రాసుకున్నాడు. విశ్వాసి అంటే ఎప్పుడూ చలించనివాడు అనుకునేవాళ్లు ఇక్కడ ఆగి చూడాలి. దిగులు పడటం విశ్వాసం తప్పిపోవడం కాదు. ఆ దిగులును దాచకుండా చెప్పుకుని, స్నేహితుడి రాకలో దేవుడి చెయ్యి చూడగలగడమే ఇక్కడి విశ్వాసం.

కష్టాల పట్టిక కూడా ఈ ఉత్తరంలోనిదే. ఒకటి తక్కువ నలభై కొరడా దెబ్బలు ఐదుసార్లు, బెత్తపు దెబ్బలు మూడుసార్లు, రాళ్లు రువ్వడం ఒకసారి. ఓడ పగలడం మూడుసార్లు, అందులో ఒక పగలూ రాత్రీ సముద్రంలోనే గడిచింది. 276 మందితో మెలితే ద్వీపం దగ్గర పగిలిన ఓడ ఈ లెక్కలో లేదు, అది ఆ తర్వాతి సంగతి. అంటే ఇంత పడ్డాక కూడా మళ్లీ ఓడ ఎక్కాడు.

డబ్బు గొడవకు పోయిన చోటు తక్కువేమీ కాదు. కొరింథు వాళ్ల దగ్గర పౌలు పైసా తీసుకోలేదు. మాసిదోనియ నుంచి వచ్చిన సాయం మాత్రం పుచ్చుకున్నాడు. మామీద ప్రేమ లేకనా అని కొరింథు వాళ్లు నొచ్చుకున్నట్టున్నారు. ప్రేమ లేక కాదు, ఆ సంగతి దేవుడికే తెలుసని పౌలు జవాబు.

ఇక శరీరంలోని ముల్లు. అది కంటి జబ్బో, జ్వరమో, మరొకటో పౌలు చెప్పలేదు. తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు. కృప చాలునన్న జవాబు వచ్చింది. ఆ జవాబు వాక్యం తెలుగు క్రైస్తవుల ఇళ్లలో గోడ క్యాలెండర్ల మీద తరచూ కనిపిస్తుంది. దాని వెనక మూడుసార్లు చేసిన ప్రార్థన, తీరని కోరిక ఉన్నాయి. వాటితో కలిపి చదివితేనే, స్వస్థత కోసం ఏళ్ల తరబడి ప్రార్థించి విసిగినవాళ్లకు అది నిజమైన ఓదార్పు అవుతుంది. జబ్బు తగ్గకపోతే విశ్వాసం చాలలేదని రోగిని నిందించడానికి ఈ ఉత్తరంలో చోటు లేదు.

చెర నుంచి

ఫిలిప్పీయుల ఉత్తరం రోమాలో కాపలా కింద ఉండగా రాసినదని సంప్రదాయం. కొందరు పండితులు ఎఫెసు అనీ, కైసరయ అనీ అంటారు. ఎక్కడిదైనా అందులో ఎపఫ్రొదితు కథ మనసుకు పట్టేస్తుంది. ఫిలిప్పీ సంఘం పంపిన సాయం తీసుకొచ్చి ఈయన చావుకు దగ్గరయ్యేంత జబ్బు పడ్డాడు. ఆ కబురు ఊళ్లో తెలిసిపోయిందని విని, తన జబ్బు కన్నా వాళ్ల బెంగకే ఎక్కువ బాధపడ్డాడు. పౌలు అతన్ని ఇంటికి పంపేస్తూ, ఘనంగా చేర్చుకోమని రాశాడు. ఆనందించమని పదేపదే చెప్పే ఉత్తరం ఇదే, రాసినవాడు సంకెళ్లలో ఉన్నాడు, విడుదలవుతాడో చస్తాడో తెలియదు.

ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరంలో చనువు ఎక్కువ. ఫిలేమోను దాసుడైన ఒనేసిము బాకీ ఏమైనా ఉంటే నా లెక్కలో రాసుకో, నువ్వే నాకు రుణపడి ఉన్నావన్న సంగతి మాత్రం ఎత్తనులే అంటాడు. అదే చేత్తో తనకు బస సిద్ధం చెయ్యమంటాడు.

తిమోతికి రాసిన రెండో ఉత్తరం స్వయంగా పౌలుదేనా అన్న వాదన పండితుల్లో ఉంది. సంఘం మాత్రం దాన్ని ఆయన చివరి ఉత్తరంగా చదువుకుంటూ వచ్చింది. అందులో దేమా విడిచి వెళ్లాడు, త్రోఫిమును జబ్బుతో మిలేతులో వదలవలసి వచ్చింది, లూకా ఒక్కడే దగ్గరున్నాడు. త్రోయలో కర్పు ఇంట్లో ఉంచిన అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మంటాడు, చలికాలం రాకముందే రమ్మంటాడు. మొదటి విచారణలో ఎవరూ పక్కన నిలవలేదనీ, అది వాళ్ల మీద నేరంగా ఎంచకూడదనీ, ప్రభువు మాత్రం నిలిచాడనీ రాస్తాడు. అందరూ విడిచారన్న ఆ మాటకు నాలుగైదు వాక్యాల తర్వాతే, యుబూలు, పుదే, లిను, క్లౌదియ, సహోదరులందరూ నీకు వందనాలు చెబుతున్నారని ఉంది.